నల్లగా వచ్చింది ఫోటో, పెళ్ళికూతురు కాదు

మన పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫరుకి అడ్వాన్సుతో పాటు చెవిలో ఓ మాట కూడా వేస్తారు, గమనించారా? "అమ్మాయి కొంచెం చామనఛాయండీ, మీరే చూసుకోవాలి" అని. ఆ చూసుకోవడం అంటే ఏమిటో ఇరుపక్షాలకీ తెలుసు. ఆల్బం చేతికొచ్చేసరికి అమ్మాయి మొహం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది, చేతులు మాత్రం గోధుమరంగులో ఉంటాయి. చెవుల్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి అవి సొంత రంగులోనే మిగిలిపోతాయి. నాకీ తంతు చూస్తే ఒళ్ళుమంట. అందులో నీతి పాలెంతో సాంకేతికం పాలూ అంతే. ఈ తెలుపెక్కించడమనేది చాలామటుకు, ఫోటో తీసేటప్పుడు వెలుతురు సరిగ్గా కొలవకపోవడానికి తరవాత వేసే ప్యాచ్. రూట్ కాజ్ వదిలేసి సింప్టమ్ మీద ప్యాచ్ వెయ్యడం మన పరిశ్రమలో ఎవరికీ కొత్త కాదుగా!

మాది తాడేపల్లి. వారమంతా కోడు, ముహూర్తాలొస్తే కెమెరా. చుట్టాల పెళ్ళిళ్ళకి అసలు ఫోటోగ్రాఫరు పక్కన తిరుగుతూ జంటని విడిగా ఓ పది ఫోటోలు తీసిపెట్టడం నా అలవాటు. ఆ అనుభవంతోనే ఈ గోల.

ముందు కెమెరా సంగతి. లోపలున్న మీటరుకి పెళ్ళికూతురెవరో, అరటిచెట్టేదో తెలీదు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే ఓ మధ్యరకం బూడిదరంగు అవుతుందనుకుని లెక్క కడుతుంది. తాళి కట్టే వేళకి మనవాళ్ళ ఒంటిమీద ఉండేవి మధుపర్కాలు. తెల్లటి నూలుబట్ట, ఎర్రంచు. ఫ్రేములో మూడొంతులు తెలుపే కనిపిస్తే "అమ్మో, వెలుతురు ఎక్కువైపోయింది" అనుకుని కెమెరా తగ్గించేస్తుంది. దాంతో బట్టలు మాసినట్టు, మొహాలు చీకట్లోకి పోయినట్టు వస్తాయి. అప్పుడు పెద్దవాళ్ళు "చూశారా, ఫోటోలో ఇంకా నల్లగా వచ్చింది" అంటారు. వచ్చింది నిజమే, కానీ అది అమ్మాయి రంగు కాదు, కెమెరా వేసిన తప్పుడు లెక్క. ఎక్స్‌పోజరుని ముప్పాతిక స్టాపో, ఒక స్టాపో పెంచితే సరిపోయేది. ఇప్పటి కెమెరాలు మొహాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నాయి గానీ, బాసికాలూ, దండలూ, జీలకర్రా బెల్లం పెట్టిన చేతులూ మొహాన్ని సగం కప్పేశాక వాటి తెలివి కూడా అంతంతమాత్రమే.

ఈ జబ్బు మన ఊళ్ళో పుట్టింది కాదు. కొడాక్ కంపెనీ ఫోటోలు కడిగే ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి 'షర్లీ కార్డు' అని ఒకటి పంపేది. 1950ల నించి చాలా ఏళ్ళు దానిమీద ఉన్నది తెల్లజాతి అమ్మాయి బొమ్మే. ఆవిడ చర్మం బాగా వస్తే ల్యాబు సరిగ్గా ఉన్నట్టు. రకరకాల చర్మపు రంగులున్న కార్డులు వాడకంలోకి వచ్చేసరికి 1990లు అయింది. గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనులో 'రియల్ టోన్' అని గోధుమ, నలుపు రంగు చర్మాల కోసం విడిగా పనిచేసింది 2021లో. మన దగ్గర ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. క్రీము డబ్బా మీది పేరు మారింది గానీ, ఆల్బం డిజైనరు బ్రష్షు ఇంకా మారలేదు.

ఇక ఎండ. తాడేపల్లి అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. అంటే మే మొదటివారంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో మరోసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. వైశాఖం, శ్రావణం. మన ముహూర్తాలు ఎప్పుడుంటాయో నేను చెప్పక్కర్లేదు. నెత్తిమీద ఎండలో ఎవర్ని నిలబెట్టినా నుదురు, ముక్కు మెరుస్తాయి, కళ్ళగుంటలు నల్లగా మునిగిపోతాయి. "ఫ్లాష్ కొడితే పోయె" అంటారు కొందరు. లెక్క చూద్దాం. మంచి ఎండలో ఐఎస్ఓ 100, 1/200 సెకను దగ్గర ఎఫ్/11 కావాలి. కెమెరా నెత్తిన పెట్టే ఓ మంచి ఫ్లాష్ గైడ్ నెంబరు, 35 ఎంఎం జూములో, మహా అయితే 36 మీటర్లు అనుకుందాం. 36ని 11తో భాగిస్తే 3.3 మీటర్లు. వెలుగు మెత్తబడాలని గొడుగు పెడితే రెండు స్టాపులు పోతాయి, దూరం సగమై 1.6 మీటర్లకి వస్తుంది. ఆ దూరంలో గొడుగు పెట్టి ఇద్దర్నీ నిలువునా తీస్తే ఫోటోలో మూడో మనిషిగా గొడుగు ఉంటుంది. అందుకని మే మధ్యాహ్నం ఎండతో కుస్తీ పట్టకండి. నీడలోకి నడవండి, అంతే.

"సాయంత్రం గోల్డెన్ అవర్‌లో తియ్యండి" అని ఇంగ్లీషు పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ ఊళ్ళో సూర్యుడు ఏటవాలుగా, తీరిగ్గా దిగుతాడు. రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజుల్లో లండన్లో ఆరు డిగ్రీల ఎత్తునించి కిందికి దిగడానికి సుమారు నలభై నిమిషాలు తీసుకుంటాడు. మనకి పాతికే, ఎందుకంటే ఇక్కడ దాదాపు నిట్టనిలువుగా పడిపోతాడు. పాతిక నిమిషాల్లో పెళ్ళికూతురి చీర మార్పు, మేనత్త అలక, డ్రోన్ బ్యాటరీ అన్నీ ఇమడాలి. చోటూ, నిలబడే తీరూ ముందే ఖాయం చేసుకోకపోతే ఆ వెలుగు మనకోసం ఆగదు.

మా వైపు నీడకి ఉండవల్లి గుహల్ని మించింది లేదు. విష్ణుకుండినుల కాలం నాటివని చెబుతారు. నాలుగు అంతస్తుల కొండ, పైన శయనించిన అనంత పద్మనాభుడు. జనం చేసే పని ఏంటంటే, గుహ మొత్తం కనపడాలని జంటని బయట ఎండలో నిలబెడతారు, లేకపోతే మరీ లోపల చీకట్లోకి తీసుకెళ్ళి ఫ్లాష్ కొడతారు. రెండూ వద్దు. స్తంభాల వరస దాటి రెండడుగులు లోపలికి నిలబెట్టి, మొహాలు బయటివైపు తిప్పించండి. బయటి ఆకాశం, ఎదుటి నేలా కలిసి పెద్ద కిటికీలా మెత్తటి వెలుగిస్తాయి, వెనక చీకటి దానంతటదే తెర అయిపోతుంది. చామనఛాయ చర్మం ఆ వెలుగులో ఎంత బాగుంటుందో ఒకసారి చూస్తే ఏ ఫోటోషాపూ అడగరు. ఎక్స్‌పోజరు మాత్రం మొహానికే పెట్టండి. బయటి ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి. అన్నట్టు, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. చేత్తో పట్టుకుని తీసుకోవచ్చు, ట్రైపాడ్లూ లైట్లూ దించాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. నన్నడిగితే ఆ నిబంధన మన మంచికే. లైట్లు లేకపోతేనే ఉన్న వెలుతురుని చూడటం అలవాటవుతుంది.

ప్రకాశం బ్యారేజీ గురించి ఎక్కువ చెప్పను. 1957లో పూర్తయింది, 70 గేట్లు, ఎగువన నీళ్ళమీద సూర్యాస్తమయం. ఎవరు తీసినా బాగుంటుంది. వంతెన మీద కారాపి ట్రాఫిక్ మధ్య వధువుని నిలబెట్టేవాళ్ళకి మాత్రం ఓ దణ్ణం. ఇటు సీతానగరం వైపు ఘాట్లమీదికి దిగితే ప్రాణభయం లేకుండా అదే ఆకాశం దొరుకుతుంది. సిల్హౌట్లో నలుపూ తెలుపూ పేచీ కూడా లేదు!

ఈమధ్య కొత్త సరదా మిరప కల్లాలు. ఫిబ్రవరి నించి ఏప్రిల్ దాకా గుంటూరు పల్లెల్లో ఎకరాలకెకరాలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి. పైనించి డ్రోన్‌లో అద్భుతం. నేలమీద నిలబడి మొహాలు తీస్తేనే చిక్కు. ఎండ కాయలమీద పడి ఎర్రగా కిందినించి కొడుతుంది, గడ్డం కింద, ముక్కు కింద ఎరుపు తేలుతుంది. పైనించి ఆకాశపు నీలం, కిందినించి మిరప ఎరుపు. రెండు రంగుల వెలుతురు ఒకే మొహం మీద పడితే ఏ వైట్ బ్యాలెన్సూ రెండిటినీ ఒకేసారి సరిచెయ్యలేదు. ఆ ఎరుపు పోగొట్టడానికి మళ్ళీ మొహమంతా తెలుపు పులుముతారు. దీనికి మందు చాలా చవక. జంటని కల్లం అంచుకి నాలుగైదడుగుల ఇవతల, కాయలు వెనకపడేటట్టు నిలబెట్టి, కాళ్ళముందు నేలమీద ఓ తెల్ల పంచె పరవండి. పత్తి కుప్ప పక్కనుంటే పంచె కూడా అక్కర్లేదు. ఘాటుకి కళ్ళనీళ్ళు వచ్చేలోపు ముగించండి. ఇంకోమాట, అది ఎర్ర తివాచీ కాదు, ఎవరో రైతు ఏడాది కష్టం. చెప్పుకాళ్ళతో తొక్కుతూ నడిచే స్లో మోషన్ షాట్లు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంటిముందు పందిరికీ ఇదే సూత్రం. కొబ్బరాకుల సందుల్లోంచి మొహంమీద చిరుతపులి మచ్చల్లా ఎండ పడుతుంది. పోనీ అని పసుపుపచ్చ షామియానా గుడ్డ కడితే అందరికీ పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది. పైన తెల్ల గుడ్డ కట్టమని ముందే చెబితే చాలు. షామియానా వాళ్ళు అదే రేటుకి కడతారు.

అసలు అన్నిటికన్నా కష్టమైన చోటు మండపమే. వెనక ఎల్ఈడీ గోడ, పక్కన గులాబీరంగు స్టేజి లైట్లు, హోమం పొగ, వీడియో అబ్బాయి మొహంమీద పెట్టే లైటు. తెరసల్ల దించగానే ఒకరి తలమీద ఒకరు చెయ్యిపెట్టి మొదటిసారి చూసుకునే ఆ రెండు క్షణాలూ రీటేక్ లేనివి. ఆ రెండు నిమిషాలు రంగు లైట్లు ఆపమని ఈవెంటు వాళ్ళని అడగొచ్చు. నేనడిగిన ప్రతిసారీ ఆపారు. మామూలుగా ఎవరూ అడగరంతే.

మా పిన్నికూతురి పెళ్ళి ఆల్బం ఒక స్టూడియో వాళ్ళు చేసిందే. దాని ఐదేళ్ళ కూతురు పేజీలు తిప్పుతూ "అమ్మమ్మా, నాన్న పక్కన ఈవిడెవరు?" అంది. అందరూ నవ్వారు. మా పిన్ని కూడా నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. ఆ పిల్లది వాళ్ళమ్మ రంగే.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, మాట చెవిలో కాకుండా కాగితంమీద రాయించండి: మొహాలకి తెలుపెక్కించకూడదు, దిద్దని అసలు ఫైళ్ళు కూడా ఇవ్వాలి, ఆల్బం ప్రింటుకి పోయేముందు రెండు పేజీలు శాంపిల్ చూపించాలి. ఆ శాంపిల్ ఫోనులో కాకుండా, పగటి వెలుతురులో, అమ్మాయి చెయ్యి పక్కన పెట్టి చూడండి.