కెమెరా నెత్తి మీది ఫ్లాష్‌ను దించండి

‘ఫ్లాష్ వాడమండీ, అంతా న్యాచురల్ లైటే.’ పెళ్లి ఫొటోలకు బేరం కుదుర్చుకోవడానికి స్టూడియోకి వెళ్లిన ఆడపిల్ల తండ్రికి ఈమధ్య తరచుగా ఎదురవుతున్న మాట ఇది. ఫ్లాష్ అంటే పాతకాలం సరుకని, మొహానికి సున్నం కొట్టినట్టు తెలుపు, వెనక గోడ మీద నల్లటి నీడ, ఎర్రబడ్డ కళ్లు తప్ప అది ఇచ్చేదేమీ లేదని చెబుతున్నారు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకు చీకట్లోనూ కనబడుతుంది కాబట్టి ఇక దాని అవసరమే లేదంటున్నారు. కాండిడ్ ఫొటోగ్రఫీ వెంట నగరాల నుంచి పల్నాడు దాకా నడిచొచ్చిన అభిప్రాయం ఇది. వినడానికి బాగుంటుంది. అర్ధరాత్రి ముహూర్తాలు పెట్టుకునే పిడుగురాళ్ల లాంటి ఊళ్లో మాత్రం ఇది ఒక్క లగ్నం దాకా కూడా నిలవదు.

ఆ వేళప్పుడు మండపంలో సహజమైన వెలుగు ఎక్కడుంది? అక్కడున్న ప్రతి దీపాన్నీ ఎవరో ఒకరు తెచ్చి పెట్టారు. డెకరేషన్ వాళ్లు పూల వెనక గులాబీ, నీలం రంగుల ఎల్ఈడీలు బిగించారు. వాళ్లు చూసుకున్నది వేదిక అందం, పెళ్లికూతురి ముఖం కాదు. వీడియో కుర్రాడు తన కెమెరా పక్కనే ప్యానెల్ లైటు ఎత్తి పట్టుకున్నాడు. ఫ్లాష్ వాడనని శపథం పట్టిన ఫొటోగ్రాఫర్ ఈ ఇద్దరి నిర్ణయాలకూ తలవంచి, వాళ్లు వదిలిన వెలుగులో దొరికింది ఏరుకుంటాడు. దానికి సహజత్వం అని పేరు పెట్టడం సరికాదు.

గులాబీ ఎల్ఈడీ కింద పసుపు రాసిన చెంప ఎలా ఉంటుందో ఆల్బమ్ తిరగేసిన ఎవరికైనా తెలుసు. ఆ దీపంలో ఎరుపూ నీలమే ప్రధానం, ఆకుపచ్చ భాగం దాదాపు ఉండదు. పసుపు పసుపుగా కనబడాలంటే ఎరుపుతో పాటు ఆకుపచ్చ కూడా దాని మీద పడాలి. పడని వెలుగును ఎడిటింగ్‌లో ఏ మీటా పుట్టించలేదు. ఫ్లాష్ వెలుగు మధ్యాహ్నపు ఎండకు దగ్గరగా, సుమారు 5,500 కెల్విన్ల దగ్గర ఉంటుంది. అన్ని రంగులూ అందులో ఉన్నాయి. కంచిపట్టు ఎరుపు, పారాణి, మామిడాకు ఏది దానిలా రావాలన్నా ఆ వెలుగు కావాలి.

ఐఎస్ఓ, అంటే చీకట్లో చూడగల కెమెరా శక్తి మాటకొస్తే, 12,800 దగ్గర కూడా శుభ్రమైన ఫొటో ఇచ్చే కెమెరాలు ఇప్పుడున్నాయి, నిజమే. కెమెరా చూపు పెరిగింది. కానీ నడినెత్తిన వేలాడే ఫోకస్ లైటు కంటిగుంటల్లో నింపిన నీడ ఐఎస్ఓ పెంచితే పోదు, ఇంకా స్పష్టంగా కనబడుతుంది. వెలుగు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఎటునుంచి వస్తోందన్నది వేరే ప్రశ్న. ఈ చర్చంతా మొదటిదాని చుట్టూ తిరుగుతూ రెండోదాన్ని మరిచిపోయింది.

ఫ్లాష్ మీద వేసిన నిందలన్నీ అది కూర్చున్న చోటు మీద వేయాల్సినవి. లెన్సుకు జానెడు పైన కూర్చుంటే వెలుగు చూపుతో పాటే వెళ్లి ముఖాన్ని తాకుతుంది. ముక్కుకు నీడ ఉండదు, చెంపకు వంపు ఉండదు, కాసులపేరు బొమ్మ గీసినట్టు అతుక్కుపోతుంది. కంటిపాప లోపలి రక్తనాళాల మీద పడి అదే దారిన వెనక్కి వచ్చే వెలుగే ఆ ఎర్రకళ్లు. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ముందు వరసలో మేనమామ తెల్లగా మాడిపోతాడు, వెనక వరసలో అమ్మమ్మ చీకట్లో కలిసిపోతుంది. అదే ఫ్లాష్‌ను ఒక స్టాండుకో, అసిస్టెంటు చేతిలో కర్రకో బిగించి, పీటల మీదున్న జంటకు ఏడెనిమిది అడుగుల దూరంలో, పక్కగా, తల కంటే ఎత్తులో నిలిపి, చిన్న అంబ్రెల్లా తగిలించి రేడియో ట్రిగ్గరుతో వెలిగిస్తే కథ మారిపోతుంది. ఫొటోగ్రాఫర్ ముందుకు జరిగినా వెనక్కి వెళ్లినా జంట మీద పడే వెలుగు మారదు. వంపులన్నీ తిరిగొస్తాయి.

ఇది విదేశీ ఫ్యాషనేమీ కాదు. కరెంటు సరిగా లేని రోజుల్లో పెళ్లి ఊరేగింపు పక్కన పెట్రోమాక్స్ దీపాలు తల మీద పెట్టుకుని మనుషులు నడిచేవారు. చూసేవాడి కంటి దగ్గర కాకుండా పక్కన, పైన ఉన్న వెలుగు అది. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది. దాన్ని ముందుకు తెస్తే ఆటే లేదు. ‘విజయావారి వెన్నెల’ అని తెలుగు ప్రేక్షకులు ఇప్పటికీ మురిసిపోయే వెన్నెలను ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) చిత్రాల్లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ దీపాలు అమర్చి పుట్టించాడు. ఆ వెన్నెల కృత్రిమమని ఎవరూ తీసిపారేయలేదు.

పిడుగురాళ్లకైతే ఈ సంగతితో దగ్గరి చుట్టరికమే ఉంది. సున్నపురాయి కాల్చే బట్టీలతో పేరు తెచ్చుకున్న ఊరు ఇది. విద్యుద్దీపం రాకముందు ఐరోపా నాటకశాలల్లో నటుల మీద వెలుగు కుమ్మరించింది అలాంటి సున్నమే. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపి మండించిన మంటను సున్నపు దిమ్మ మీదికి వదిలితే అది కళ్లు చెదిరే తెల్లని కాంతినిస్తుంది. 1820ల్లో థామస్ డ్రమండ్ ఆ కాంతిని భూమి సర్వేలో దూరానికి గురుతుగా వాడాడు. 1837లో అది లండన్ కోవెంట్ గార్డెన్ రంగస్థలం మీదికొచ్చింది. ‘లైమ్‌లైట్’ అనే మాట అలా పుట్టింది. ఆ దీపాలను పక్కల నుంచి, పై అంతస్తు నుంచి నటుడి మీదికి తిప్పేవారు. సున్నం ఇంకో మేలు కూడా చేస్తుంది. వెల్లవేసిన గోడ మీదికి ఫ్లాష్ తిప్పితే ఆ గోడే పెద్ద మెత్తని దీపమవుతుంది. పసుపు దంచే ఇంట్లో, పెళ్లికూతుర్ని చేసే గదిలో స్టాండు కూడా అక్కర్లేదు.

ఇక సృజన సంగతి. జీలకర్ర బెల్లం వేళ వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. పెళ్లికూతురి వెనక, కాస్త కిందుగా ఒక ఫ్లాష్ పెట్టి తెర మీదికి వెలిగించి, వరుడి వైపు నుంచి తీస్తే తెల్లగుడ్డ మీద ఆమె నీడ తేలుతుంది. జడ, బాసికం, వంచిన తల అన్నీ అందులో ఉంటాయి. తోలుబొమ్మలాట చూసిన జాతికి ఆ ఫొటో విడమరిచి చెప్పక్కర్లేదు. తలంబ్రాల వేళ ఫ్లాష్‌ను జంట వెనక్కి చేర్చాలి. ఎదురువెలుగులో పసుపు బియ్యం గింజ గింజా మెరుస్తుంది. తక్కువ పవరులో ఫ్లాష్ మెరుపు సెకనులో ఇరవై వేలో వంతుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గాలిలో గింజలు గీతలుగా సాగవు, ఉన్నచోటే నిలిచిపోతాయి. ఐఎస్ఓ ఎంత పెంచినా ఈ ఫొటో రాదు.

ఫిబ్రవరి దాటాక కల్లాల్లో మిరపకాయ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. పెళ్లికి ముందు షూటింగు కోసం జంటలు దూరాభారాలు పోతున్నాయి గానీ, సందెవేళ ఆ కల్లాన్ని మించిన వేదిక ఎక్కడుంది? అప్పటి ఆకాశం వెలుగును షట్టరుతో తగ్గించి, జంటను ఫ్లాష్‌తో వెలిగిస్తే రెండూ విడివిడిగా ఫొటోగ్రాఫర్ చెప్పుచేతల్లోకి వస్తాయి. ఇంకో ఫ్లాష్‌ను నేలకు తాకేంత కిందుగా పెడితే ఒక్కో కాయ తొక్క మీదా మెరుపు గీత పడుతుంది. కోటప్పకొండ శివరాత్రి ప్రభల దగ్గర పద్ధతి వేరు. పదుల అడుగుల ఎత్తున బల్బులతో వెలిగే ప్రభకు ఫ్లాష్ చాలదు, అవసరమూ లేదు. నెమ్మది షట్టరుతో ప్రభను దాని వెలుగులోనే పట్టుకుని, ముందున్న భక్తుడి ముఖానికి మాత్రం పక్కనుంచి చిన్న ఫ్లాష్ ఇవ్వాలి. దానికి నారింజ రంగు జెల్ పొర తొడిగితే రెండు వెలుగులూ కలిసిపోతాయి.

అన్నిటికంటే బాధించేది రంగు విషయం. పత్తి చేలల్లో, మిరప తోటల్లో ఎండకు తిరిగిన కుటుంబాల్లోని చామనఛాయ, నలుపు ఆల్బములో మాయమైపోతున్నాయి. ఎదురుగా పడిన చప్పటి వెలుగులో ముఖం మసకబారితే, ఎడిటింగ్‌లో తెల్లగా తోమేస్తున్నారు. తన పెళ్లి ఆల్బములో తన ముఖాన్ని తానే గుర్తుపట్టలేని పిల్ల ఉండకూడదు. నల్లని చర్మం నునుపు మీద మెరుపుతో మాట్లాడుతుంది. పక్కనుంచి మెత్తగా వచ్చిన వెలుగు చెంప ఎముక మీద, నుదుటి మీద, భుజం మీద ఆ మెరుపును నిలుపుతుంది. అప్పుడు తెల్లబరచాలన్న ఆలోచనే రాదు.

ఎదుటివారి వాదనల్లో ఒకటి గట్టిది. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా వీడియోలో ఆ క్షణపు ఫ్రేము సగం తెల్లబడుతుంది. సెన్సరు వరసలు వరసలుగా చదివే కెమెరాల్లో ఇది తప్పదు. మంగళసూత్రం వేళ పదిసార్లు వెలిగిస్తే వీడియో పాడవడం ఖాయం. అందుకని ఫ్లాష్ మానేయనక్కర్లేదు, ముందురోజే కూర్చుని మాట్లాడుకోవాలి. సూత్రధారణకు రెండు మూడు మెరుపులు చాలు. వీడియో లైటునే పక్కకు జరిపిస్తే మిగతావన్నీ దానితోనే తీసుకోవచ్చు. స్టాండు పిల్లల కాళ్లకు అడ్డుపడి పడిపోతుందన్న భయమూ న్యాయమైనదే. జనం మధ్య స్టాండు పెట్టకూడదు, మనిషి చేత పట్టించాలి. అప్పగింతల్లో తల్లి ఏడుస్తున్నప్పుడు ఏ మెరుపూ వద్దు. పొద్దుటి పందిట్లో తాటాకుల సందుల్లోంచి మంచి వెలుగు పడుతుంటే ఫ్లాష్ సంచిలోనే ఉండాలి. ఎప్పుడు వాడకూడదో తెలియడం కూడా ఈ పనిలో భాగమే.

ఖర్చు సాకూ చెల్లదు. రెండు మాన్యువల్ ఫ్లాష్‌లు, ఒక ట్రిగ్గరు, ఒక అంబ్రెల్లా అన్నీ కలిపినా కొత్త కెమెరా బాడీ ధరలో చిన్న భాగమే. బాల్టిమోర్ పత్రికా ఫొటోగ్రాఫర్ డేవిడ్ హాబీ 2006 నుంచి ప్రపంచానికి నేర్పింది ఈ చిన్న ఫ్లాష్‌ల విద్యనే.

పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్లకు ఒక విన్నపం. వచ్చే మాఘమాసపు ముహూర్తాలకు ముందు ఒక రాత్రి మీ మేడ మీద ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి ఎడమవైపు ఒకసారి, వెనక ఒకసారి పెట్టి తీసి చూడండి. ఆ ఫొటోలను పెళ్లివారికి చూపించి, ఆ తర్వాతే బేరం మాట్లాడండి.