బాత్రూంకి ఒక్క బల్బు చాలదు

కొత్త ఇల్లు కట్టించుకునేవాళ్లు టైల్స్ షోరూముల చుట్టూ ఆదివారాలన్నీ తిరుగుతారు. కమోడ్ ఏ కంపెనీది కొనాలి, షవర్ ఎంత పెద్దది ఉండాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని తేలుస్తారు. లైటు సంగతి వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ "బాత్రూంకి ఒక పాయింటే కదా సార్" అంటాడు, మనం తలూపేస్తాం. మన ఇళ్లలో చాలా చోట్ల బాత్రూం మీద అటక ఉంటుంది. అందుకని పైకప్పులో పాయింటు పెట్టరు. తలుపు మీద గోడకు ఒక హోల్డరు, దాంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. నేల ఎప్పుడూ తడిగా ఉండే గదికి, ఇంట్లో పెద్దవాళ్లు జారిపడతారేమోనని మనం భయపడే గదికి, దక్కే వెలుతురు అంతే.

బల్బును తప్పుపట్టలేం. 9 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు 900 ల్యూమెన్ల వెలుగిస్తుంది. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న గదికి లెక్క ప్రకారం అది తక్కువేమీ కాదు. చిక్కంతా అది ఉన్న చోటులోనే. తలుపు తీసి లోపల కాలు పెట్టగానే బల్బు మన వీపు వెనక్కి పోతుంది, మన నీడ మన ముందే పడుతుంది. పడేది కూడా సరిగ్గా అడుగు వేయబోయే చోటే. బూడిద రంగు టైలు మీద పొద్దున ఎవరో వదిలేసిన సబ్బు నురగ ఆ నీడలో కలిసిపోతుంది.

ఫ్లాట్లలో ఫాల్స్ సీలింగ్ చేయించి గుండ్రటి లైట్లు నాలుగు బిగిస్తారు. గది మెరిసిపోతుంది కానీ అద్దంలో మొహం చూడండి. నడినెత్తి మీంచి దిగే వెలుగు కనుబొమల కింద, ముక్కు కింద, దవడ కింద నీడలు వేస్తుంది. గడ్డం గీసుకునేవాడికి కావలసింది ఆ దవడ కింది చోటే. మొహానికి వెలుగు ఎదురుగా రావాలి. అద్దానికి రెండు వైపులా, నేల నుంచి అయిదు, అయిదున్నర అడుగుల ఎత్తున, పాల రంగు కవరున్న లైట్లు రెండు పెడితే నీడలు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. రెంటికీ చోటు లేకపోతే అద్దం పైన దాని వెడల్పంతా వచ్చే పొడవాటి లైటు ఒకటి పెట్టించండి. గదంతటికీ ఒకటి, అద్దానికి ఒకటి: ఈ రెండూ లేని బాత్రూంని నేను పూర్తయినట్టు లెక్కపెట్టను.

వెలుగు రంగు గురించి కూడా పట్టించుకోవాలి. 2015 జనవరిలో బల్బులను చవగ్గా ఇచ్చే ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీ బల్బు చిన్న చిన్న ఇళ్లకూ చేరింది, కరెంటు బిల్లు తగ్గింది. అది పెద్ద మేలే. అయితే బల్బు కొనేటప్పుడు మనం ఇప్పటికీ వాట్లే అడుగుతున్నాం, రంగు అడగం. మన ఒంటి మీద వచ్చే మార్పులు మొదట కనపడేది బాత్రూం అద్దంలోనే. కామెర్లు వస్తే కంటి తెల్లగుడ్డు పసుపు తిరుగుతుంది. పసుపచ్చటి బల్బు కింద ఆ పసుపు దాక్కుంటుంది. షుగరున్నవాళ్లను రోజూ పాదాలు చూసుకోమంటారు డాక్టర్లు, స్పర్శ తగ్గిన కాలికి పుండు పడినా తెలియదు కాబట్టి. చర్మం మీద లేత ఎరుపును నాసిరకం ఎల్‌ఈడీ సరిగా చూపించదు. అందుకే అద్దం దగ్గరి లైటుకు డబ్బా మీద రెండు అంకెలు చదవండి. వెలుగు రంగును చెప్పే కెల్విన్ 4000 చుట్టుపక్కల ఉండాలి, రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ 90కి తగ్గకూడదు.

అన్నిటికన్నా నా మనసులో ఉన్నది ఇంట్లోని పెద్దవాళ్లు. ఇరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ల కంటికి అందేది సుమారు మూడో వంతు. కొడుక్కి సరిపోయిన లైటు తండ్రికి మసక. అలాగని కళ్లల్లోకి కొట్టే ఉత్త బల్బు పెడితే వాళ్లకు ఇంకా కష్టం. తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్ అయితే ఏది ఎక్కడ మొదలవుతుందో చూపు తగ్గిన కంటికి తెలియదు. కనీసం నేలైనా వేరే రంగు ఉండాలి. ఇక అర్ధరాత్రి రెండింటికి లేచినవాళ్ల మీద పట్టపగల్లాంటి తెల్ల లైటు వేస్తే మళ్లీ నిద్ర పట్టదు. అది ఇష్టం లేక చాలామంది చీకట్లోనే తడుముకుంటూ వెళతారు. దానికి మందు చాలా చవక. నేలకు అడుగు ఎత్తున, కమోడ్‌కు వెళ్లే దారి పక్క గోడలో, పసుపు రంగు ఒక వాటు లైటు. పక్కవాటుగా నేల మీద పాకే వెలుగు తడిని కూడా మెరిపించి చూపిస్తుంది. రాత్రికి పది గంటల చొప్పున వెలిగించినా వంద రాత్రులకు ఖర్చయ్యేది ఒక్క యూనిట్.

జాగ్రత్తల్లో బేరం వద్దు. నీళ్లు చిందే చోట లైటు మీద, తడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ 44 అని, షవర్ పైన అయితే ఐపీ 65 అని ఉండాలి. స్విచ్ బోర్డు తలుపు బయటే ఉండాలి. ఎర్తింగ్ సరిగా ఉండాలి, మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. గీజరు ఉన్న ఇంట్లో అది ఎలాగూ తప్పదు.

ఇవన్నీ టైల్స్ అంటించాక గుర్తొస్తే లాభం లేదు. పైకప్పులో పాయింటు కావాలంటే స్లాబు పోసేలోపు పైపు పడాలి. గోడలో కావాలంటే ప్లాస్టరింగుకు ముందే గాడి కొట్టాలి. ఇల్లు కట్టిస్తున్నవాళ్లకు నా విన్నపం ఇదే: గోడలు ఇంకా ఇటుకగా ఉన్నప్పుడే ఎలక్ట్రీషియన్‌ను, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను ఆ గదిలోకి తీసుకెళ్లండి. అద్దం ఎక్కడ, కమోడ్ ఎక్కడ, రాత్రి లైటు ఎక్కడ అన్నది వాళ్లనే అడిగి, సుద్దముక్కతో గోడ మీద గీయించండి.