మా వీధిలో వేగం ఎంతో ఎవరు చెప్పాలి?

మా అత్తయ్యకు 71 ఏళ్లు. పొద్దున్నే రోడ్డు దాటి ఎదురు దుకాణంలో పాలప్యాకెట్లు తెచ్చుకోవడం ఆవిడకు ఏళ్ల తరబడి అలవాటు. రెండేళ్ల కిందట ఒక ఉదయం అలాగే తిరిగి వస్తుంటే బైకు తగిలింది. నడిపినవాడు తాగి లేడు, ఫోన్‌ మాట్లాడటం లేదు. మొదటి షిఫ్టుకు ఆలస్యమవుతోందని హడావుడిగా వెళ్తున్న కుర్రాడు. “నలభై అయిదులోనే వస్తున్నాను ఆంటీ” అన్నాడు నాతో, వణికిపోతూ.

అత్తయ్యకు తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌ చేశారు, ప్రాణానికి ప్రమాదం తప్పింది. అయితే ఆ వయసులో తుంటి విరిగితే కష్టం ఆపరేషన్‌తో తీరిపోదు. మంచం మీద ఉన్నవారికి వీపున పుండ్లు పడకుండా, నిమోనియా రాకుండా, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా చూసుకోవాలి. మా ఇంట్లో నాలుగు నెలలు ఇదే పని. నేను జీతం లేని సెలవు పెట్టాను. మా అబ్బాయి పదో తరగతి పరీక్షలకు నాన్నమ్మ మంచం పక్కనే కూర్చుని చదువుకున్నాడు. ఇవాళ ఆవిడ వాకర్‌తో ఇంట్లో తిరుగుతారు. గేటు మాత్రం దాటరు. “ఆ రోడ్డు ఇంక మనది కాదమ్మా” అంటారు.

ఆ మాట నన్ను వదల్లేదు. మన ఇంటి ముందు రోడ్డు మనది కాకపోతే మరి ఎవరిది? దాని మీద ఎంత వేగంతో వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

చట్టం లెక్కలో అది అతివేగం కాదు

2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్‌ ప్రకారం మున్సిపాలిటీ పరిధిలోని రోడ్ల మీద కారుకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, ద్విచక్ర వాహనానికి 60. రాష్ట్రం అంతకంటే తగ్గిస్తూ ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వకపోతే ఇదే వర్తిస్తుంది. ముగ్గులు వేసుకునే, పిల్లలు సైకిళ్లు తొక్కే సందుకూ ఇదే పరిమితి. నిర్లక్ష్యంగా నడపడం వేరే నేరం, దానికి వేరే సెక్షన్లున్నాయి. వేగం వరకే చూస్తే మాత్రం నలభై అయిదులో వచ్చిన ఆ కుర్రాడు పరిమితి దాటలేదు. మా అత్తయ్య తుంటి విరిగింది చట్టం అనుమతించిన వేగంలోనే.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 32,825 మంది పాదచారులు. మొత్తం మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమని రాశారు. వీధి రోడ్ల మీద 60 కూడా అతివేగం కాదనే చోట ఈ లెక్క ఇలా ఉంది.

ఒక్క సెకను తేడా

వేగాన్ని ట్రాఫిక్‌ సమస్యగానే చూడటం మనకు అలవాటైంది. నిజానికి ఇది ఆరోగ్య సమస్య. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందని గుర్తించి కాలు బ్రేక్‌ మీదకు వెళ్లడానికి చురుకైనవారికైనా సుమారు ఒక సెకను పడుతుంది. గంటకు 50 కి.మీ. వేగంలో ఆ ఒక్క సెకనులోనే బండి 14 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు 30 కి.మీ. వేగంలో ఉంటే ఇంచుమించు 13 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. అంటే ముప్పైలో వచ్చేవాడు ఆగిపోయిన చోటికి, యాభైలో వచ్చేవాడు ఇంకా బ్రేకే వేయకుండా చేరుకుంటాడు. బంతి కోసం పరిగెత్తిన పిల్లవాడికి ఈ తేడా చాలు.

ఇక దెబ్బ సంగతి. వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగు రెట్లవుతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులు, వాహనాలు కలిసి తిరిగే చోట 30 కి.మీ. దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటించింది.

దీనివల్ల మనం పోగొట్టుకునేది ఎంత? కాలనీ లోపల రెండు కిలోమీటర్లు యాభైలో వెళ్తే రెండున్నర నిమిషాలు, ముప్పైలో వెళ్తే నాలుగు నిమిషాలు. తేడా ఒకటిన్నర నిమిషం. మా ఇంట్లో ఆ ఒకటిన్నర నిమిషానికి చెల్లించిన మూల్యం నాలుగు నెలలు.

అర్జీ తిరిగిన దారి

ప్రమాదం తర్వాత కాలనీవాళ్లం సంతకాలు చేసి, రోడ్డు మీద 30 బోర్డు పెట్టమని అర్జీ ఇచ్చాం. మున్సిపల్‌ ఆఫీసులో ‘వేగం మా పరిధి కాదు, ట్రాఫిక్‌ పోలీసులను అడగండి’ అన్నారు. పోలీసులు ‘నోటిఫికేషన్‌ లేకుండా చలానా ఎలా రాస్తాం? పైనుంచి రావాలి’ అన్నారు. ఎవరూ విసుక్కోలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టే మాట్లాడారు. కానీ ఏదీ వాళ్ల చేతిలో లేదు.

చివరికి మావాళ్లు చేసింది మీరూ ఎక్కడో చూసే ఉంటారు. ఒక రాత్రి సిమెంటు కలిపి ఇంటి ముందు స్పీడ్‌ బ్రేకర్‌ కట్టేశారు. గీతల్లేవు, బోర్డు లేదు. పక్షం రోజులకే స్కూటీ వెనక కూర్చున్న ఒకావిడ దాని మీద ఎగిరిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ ప్రమాణాల ప్రకారం స్పీడ్‌ బ్రేకర్‌ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో నున్నగా వంపు తిరిగి ఉండాలి. మాది గోడలా ఉంది. నడుం నొప్పివాళ్లకు, గర్భిణులకు, అంబులెన్స్‌లో పడుకున్న రోగికి అలాంటి గట్లు నరకం.

ఊరూరా కనిపించే ఈ దొంగ గట్లను జనం క్రమశిక్షణలేమి అని తిట్టి ఊరుకుంటాం. నాకు మాత్రం అందులో ఒక విన్నపం కనిపిస్తుంది. వేగం తగ్గాలని వీధి కోరుకుంటోంది. ఆ కోరిక తీర్చే ఆఫీసు దగ్గర్లో లేదు.

కొత్త చట్టం అక్కర్లేదు

మోటారు వాహనాల చట్టం 1988లోని 112వ సెక్షన్‌ను ఒకసారి చదవండి. ప్రజల భద్రత కోసం, లేదా రోడ్డు తీరును బట్టి, రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన మరే సంస్థ గానీ వేగ పరిమితి పెట్టవచ్చని అందులో ఉంది. గెజిట్‌లో ప్రకటించాలి, రోడ్డు మీద బోర్డులు పెట్టాలి. నెల రోజులు మించని పరిమితికైతే ఆ నోటిఫికేషన్‌ కూడా అక్కర్లేదు. ఆ సంస్థ మున్సిపాలిటీ కాకూడదని చట్టం ఎక్కడా అనలేదు. కావలసింది రాష్ట్రం నుంచి ఒక ఉత్తర్వు.

తక్కువ వేగం అసాధ్యమేమీ కాదు. హైదరాబాద్‌లో కాలనీ రోడ్ల మీద అన్ని వాహనాలకూ 30 కి.మీ. పరిమితి ప్రకటించారు. మహానగరానికి పనికొచ్చిన మాట మిగతా పట్టణాలకు పనికిరాదా? విజయవాడలోనో వరంగల్‌లోనో అమ్మమ్మల ఎముకలు గట్టివేం కాదు కదా.

నా అభిప్రాయం ఇది. జాతీయ రహదారులు, ఊళ్ల మధ్య ప్రధాన రోడ్లు రాష్ట్రం చేతిలోనే ఉండనివ్వండి. కాలనీ వీధులు, బడి, ఆసుపత్రి, సంత ఉన్న రోడ్ల మీద వేగాన్ని 30కి తగ్గించే అధికారం మున్సిపాలిటీలకు, పంచాయతీలకు ఇవ్వాలి. దోమల మందు ఎక్కడ కొట్టాలో, కుళాయి నీళ్లు ఎప్పుడు వదలాలో వాళ్లే చూస్తున్నారు. బడి గంట కొట్టినప్పుడు ఏ మలుపులో పిల్లలు గుంపుగా బయటికొస్తారో సచివాలయానికి తెలియదు, వార్డు కౌన్సిలర్‌కు తెలుస్తుంది.

అనుమానాలూ ఉన్నాయి

ఊరికో వేగం పెడితే నడిపేవాళ్లు తికమకపడరా అని మా ఆయనే అడిగారు. సబబైన ప్రశ్నే. అందుకే అంకెను రాష్ట్రమే ఖాయం చేయాలి, ఏ వీధికన్నది స్థానికులు తేల్చాలి. చలానాల కోసం వాడుకుంటారన్నది ఇంకో భయం. జరిమానా డబ్బు ఆ మున్సిపాలిటీకి చేరకుండా చూస్తే ఆ ఆశ ఉండదు. బోర్డు చూసి ఎవరు ఆగుతారన్నదే అన్నిటికంటే బలమైన అభ్యంతరం. నిజమే, ఒట్టి బోర్డుతో పని కాదు. కానీ ఆ అంకె ఉంటేనే దానికి తగ్గట్టు స్పీడ్‌ బ్రేకర్‌ను కొలతల ప్రకారం కట్టమని, మలుపును ఇరుకు చేయమని, కెమెరా పెట్టమని ఇంజినీర్‌ను అడగగలం.

బ్రిటన్‌లోని వేల్స్‌ 2023 సెప్టెంబరులో జనావాసాల్లో మామూలు వేగాన్ని 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే 32 కి.మీ.కు తగ్గించింది. మినహాయింపులు ఇచ్చే పని స్థానిక కౌన్సిళ్లకు వదిలింది. జనం మండిపడ్డారు, రద్దు చేయాలంటూ నాలుగున్నర లక్షలకు పైగా సంతకాలొచ్చాయి. కొన్ని రోడ్ల మీద పాత వేగాన్నే తిరిగి తెచ్చారు కూడా. అయినా తొలి ఏడాదిలో ఆ తరహా రోడ్ల మీద గాయపడినవారు, చనిపోయినవారు దాదాపు నాలుగో వంతు తగ్గారు. స్థానికుల చేతిలో ఉంటే తప్పును దిద్దుకోవడమూ తేలికే.

మనం చేయగలిగింది

మీ వార్డు కౌన్సిలర్‌నో సర్పంచ్‌నో కలిసినప్పుడు స్పీడ్‌ బ్రేకర్‌ అడగకండి, వేగ పరిమితి అడగండి. ఆ అధికారం తమకు ఇమ్మని రాష్ట్రాన్ని కోరుతూ కౌన్సిల్‌లో, గ్రామసభలో తీర్మానం చేయించండి. ఎమ్మెల్యేకు ఇచ్చే అర్జీలో 112వ సెక్షన్‌ అని రాయండి. ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేని పనీ ఒకటుంది. మన ఇంటి బండి మన వీధిలో ముప్పై దాటకూడదని ఇంట్లో అనుకోవడం. మా అబ్బాయికి ఈ మధ్యే లైసెన్స్‌ వచ్చింది. బండి తాళాలు ఇచ్చిన రోజు వాడికి నేనేమీ చెప్పలేదు. వాకర్‌ చప్పుడు వాడికి రోజూ వినిపిస్తూనే ఉంది.

అత్తయ్యను మళ్లీ ఆ గేటు దాటించాలన్నది నా కోరిక. పక్కన నేనుంటాను, చెయ్యి పట్టుకుంటాను. వచ్చే బండి మాత్రం ఆగగలిగేంత మెల్లగా రావాలి.