కంచం పక్కన ఒక గ్లాసు

"వైన్స్" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టుకున్న దుకాణానికి వెళ్ళి వైను కావాలని అడిగితే, అడిగినవాడిని వింతగా చూసే ఊరు మనది. కృష్ణానగర్‌లో ఇది నాకు పలుమార్లు అనుభవం. కౌంటరు వెనుక కుర్రాడు మొదట "బీరా సార్?" అంటాడు. కాదంటే స్టూలెక్కి, పై అరలో ట్యూబులైటు వేడికి మగ్గుతున్న సీసా ఒకటి దింపి, దుమ్ము తుడుస్తూ, "ఇంట్లో ఆడవాళ్ళకా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. "అవును, వాళ్ళకీ నాకూ" అని జంకు లేకుండా చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. (పై అరలోది మాత్రం కొనకండి. ఫ్రిజ్‌లో ఉన్నదే అడగండి.)

చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి మెల్లగా తరలివచ్చాక, 1976లో మొదలైన అన్నపూర్ణ స్టూడియోకూ ఫిల్మ్‌నగర్‌కూ దగ్గరలో అద్దెగదులు దొరికే చోటు కాబట్టి కృష్ణానగర్ ఇలా కిక్కిరిసింది. సాయంత్రం పర్మిట్ రూముల్లో ఉప్పుశనగలు నంజుకుంటూ నిలబడి తాగేవాళ్ళలో పొద్దుటినుంచీ సరిగా తిననివాళ్ళే ఎక్కువ. పని దొరికితే ఆ సంతోషం, దొరక్కపోతే ఆ దిగులు. అక్కడినుంచి మిట్ట ఎక్కితే జూబిలీహిల్స్‌లో అదే ద్రాక్షరసం పొడుగు కాడ గ్లాసులో హోదాగా మారిపోతుంది. దిగువన సిగ్గు, ఎగువన డాబు. రెండుచోట్లా భోజనం లేదు.

తాగుడు అన్నం నుంచీ ఇంటి నుంచీ విడిపోవడమే మన దగ్గర జరిగిన పెద్ద చెరుపని నా నమ్మకం. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో రెండవది సడలిపోయింది. మగవాడు కూలి డబ్బు బయటే తాగి, ఖాళీ చేతులతో ఇల్లు చేరడం వాళ్ళ ఫిర్యాదు. ఆ ఫిర్యాదుకు నా దగ్గర జవాబు లేదు. మద్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది కూడాను. కనుక వైను గుండెకు మంచిదన్న పాత పాటను నేను పాడను. తాగనివాళ్ళను తాగమనను. మా చాప మీద ఇద్దరు ఎప్పుడూ మజ్జిగే తాగుతారు.

మా చాప అన్నాను కదా. నెలకొక ఆదివారం, మూడో అంతస్తులోని నా గదిలో, కిందపరిచిన చాప చుట్టూ ఏడుగురం చేరతాం. డబ్బింగ్ చెప్పే అక్కయ్య గుత్తివంకాయ చేసి తెస్తారు. ఒక సహాయదర్శకుడు రొయ్యల ఇగురు వండుతాడు; సినిమా ఎలా తీస్తాడో గాని, ఇగురు మాత్రం అద్భుతం. ముద్దపప్పు నా వంతు. తాగేది ఐదుగురం, సీసా ఒక్కటే. 750 మిల్లీలీటర్లను ఐదు భాగాలు చేస్తే తలా 150. ఖర్చు పంచుకుంటే మనిషికి హోటలు బిరియాని ధర కూడా పడదు. రెండో సీసా తెరవకూడదన్నది అక్కయ్య పెట్టిన నియమం. ఇంతవరకు ఎవరూ దాటలేదు.

మన కారానికి వైను పనికిరాదంటారు. ఏ వైను? మద్యసారం కారం మంటను పెంచుతుంది. ఎర్ర వైనులోని వగరు దానికి తోడైతే నోరు మరీ గరుకెక్కుతుంది. కాస్త తీపి అంటిన తెల్లది, చల్లగా, ఆ మంటను అణుస్తుంది. 2000లో నాసిక్ సులా వాళ్ళ తొలి సీసాల్లో వచ్చిన షెనిన్ బ్లాంక్ అలాంటిదే. రొయ్యల ఇగురుకు నేను ఇప్పటికీ దాన్నే ఎంచుకుంటాను. గోంగూరకు మాత్రం పులుపున్న సావిన్యాన్ బ్లాంక్ ఉండాలి, లేకపోతే గ్లాసులోది చప్పబడిపోతుంది. గుత్తివంకాయలోని నువ్వులకూ పల్లీలకూ గులాబీరంగుది చక్కగా నప్పింది. ఆవకాయ ముందు ఏదీ నిలవలేదు, అన్నీ ప్రయత్నించాం. ఎర్రదాన్ని గది వేడిమిలో తాగాలని పుస్తకాల్లో ఉంటుంది. అక్కడి గది అంటే 16, 18 డిగ్రీలు. మే నెలలో రేకుల కప్పు కింద నా గదికి ఆ మాట వర్తించదు. బక్కెట్టులో మంచుగడ్డలు, సీసాకు తడితువ్వాలు. గ్లాసులంటే స్టీలువే.

ఇదంతా పరాయి అలవాటని ఒక పెద్దాయన కోప్పడ్డారు. వారింట్లో ద్రాక్షారిష్టం సీసా ఎప్పుడూ ఉంటుంది. ద్రాక్ష, బెల్లం, ధాతకీ పువ్వులు పులియబెట్టినదే కదా అది, అందులో తనంతట పుట్టిన మద్యసారం ఉందని లేబులు మీదే రాసి ఉంటుంది కదా అన్నాను. "అది మందయ్యా!" అన్నారు. "మందు" అన్న మాటకు మన తెలుగులో ఉన్న రెండర్థాలు గుర్తొచ్చి, ఇద్దరం నవ్వుకున్నాం.

పెరుగన్నం వేళకు గ్లాసులు ఖాళీ అయిపోవాలి, ఆ తర్వాత వైను రుచించదు. అప్పుడు మాలో ఎవరో ఒకరు 1953 నాటి "దేవదాసు" సంగతి ఎత్తుతారు. అక్కినేని తాగకుండా, రాత్రి షూటింగుకు ముందు కడుపునిండా పెరుగన్నం తిని, ఆ మత్తుతో కళ్ళు బరువెక్కించుకుని తాగుబోతుగా నటించారట. అందరికీ తెలిసిందే. అయినా ఆపమని ఎవరూ అనరు, అక్కయ్య ఇంకో గరిటెడు పెరుగు వడ్డిస్తుంటారు.