ఇంటి లెక్కలు: వేన్నీళ్ళకు ఎంత ఖర్చు?

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషన్ ఎందుకు అవసరమో రాశాను. ఈసారి బ్యాంకు గడప దాటి స్నానాల గది దాకా వెళదాం. వేన్నీళ్ళు చూడటానికి చిన్న విషయమే. కానీ మా ఇంట్లో దాని మీద మూడు వారాలు చర్చ జరిగింది. ఆ చర్చలో నా లెక్క ఒకటి తప్పని తేలింది. ముప్ఫై ఏళ్ళు ఇతరుల లెక్కలు తనిఖీ చేసినవాణ్ణి కాబట్టి నా తప్పును నేనే ఒప్పుకోవడం మర్యాద.

మాది బళ్ళారి జిల్లా ఎమ్మిగనూరు. చేనేతకు పేరుపడ్డ కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు వేరు. మాది కంప్లి వైపు, తుంగభద్ర కాలువ నీళ్ళతో వరి పండే ఊరు. ఆ ఇంట్లో మా అమ్మ, తమ్ముడి కుటుంబం నలుగురు, మొత్తం అయిదుగురు ఉంటారు. అమ్మకు ఎనభై ఒకటి. చలికాలం వస్తే మోకాళ్ళు పట్టేస్తాయి, వేన్నీళ్ళు పడందే లేవలేదు. నా చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో నీళ్ళు కాగేది బచ్చలి పక్కనున్న రాగి అండాలోనే. కింద పత్తి కట్టె, కంప కట్టె, జొన్న దంట్లు, ఏది దొరికితే అది.

దసరా వెళ్ళాక ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి ఫోను చేశాడు. "నాన్నా, జేజికి హీట్ పంపు పెట్టిద్దాం. డబ్బు నేను పంపుతా" అన్నాడు. వాడు ఆ మధ్యే తన ఇంటికి అది పెట్టించుకున్నాడు, ఆ సంబరంలో ఉన్నాడు.

హీట్ పంపు అంటే ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా? లోపలి వస్తువుల్లోని వేడిని లాగి బయటికి తోస్తుంది అది. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళలోకో ఇంట్లోకో తోస్తుంది. గీజరు ఒక యూనిట్ కరెంటు తింటే ఒక యూనిట్ వేడి ఇస్తుంది. ఇది ఒక యూనిట్ తిని సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, ఎందుకంటే మిగతా రెండూ గాలి నుంచి వచ్చినవి. సూత్రం కొత్తదేమీ కాదు. లార్డ్ కెల్విన్ 1852లోనే చెప్పాడు. నార్వేలో ఇప్పుడు నూటికి అరవై భవనాల్లో హీట్ పంపులున్నాయి.

అబ్బాయి ఖర్చు ఇలా ఉంది. మొత్తం 12,500 పౌండ్లు. అందులో 7,500 పౌండ్లు ప్రభుత్వ సాయం. ఇంగ్లండు, వేల్సులలో 2022లో ఈ పథకం 5,000 పౌండ్లతో మొదలై, 2023 అక్టోబరులో 7,500కు పెరిగింది. వాడి చేతినుంచి పడింది 5,000 పౌండ్లు, అంటే మన రూపాయల్లో అయిదున్నర లక్షలకు పైమాటే. అక్కడ అది ఇల్లంతా వెచ్చబెట్టాలి, నెలల తరబడి నడవాలి. మన దగ్గర స్నానాల నీళ్ళు కాస్తే చాలు.

సరే, మా వైపు ధర ఎంతో కనుక్కున్నాను. బళ్ళారిలో తీసుకున్న కొటేషన్‌లో 200 లీటర్ల యంత్రం 95,000 రూపాయలు. దిమ్మె, పైపులు, ప్రత్యేకంగా వైరు, ఎర్తింగు కలిపి 14,000. మా బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, అదే పెచ్చు యంత్రంలో కడితే పాడవుతుంది కాబట్టి దానికో ఫిల్టరు 9,000. మొత్తం 1,18,000. యంత్రం ధర వేరు, యంత్రం పెట్టించే ధర వేరు అన్నది ఇక్కడ గమనించండి. కొటేషన్ అడిగేటప్పుడు ఈ మూడూ విడివిడిగా రాయించుకోవాలి.

ఇక నడిపే ఖర్చు. మనిషికి రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు. అయిదుగురికి 200 లీటర్లు. చలికాలంలో నీళ్ళు 24 డిగ్రీలుంటే 42కు తేవాలి, 18 డిగ్రీలు పెంచాలి. ఒక లీటరును ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలో క్యాలరీ. మొత్తం 3,600. ఒక యూనిట్ కరెంటులో 860 కిలో క్యాలరీలు. కాబట్టి 4.2 యూనిట్లు, వృథా కలుపుకుని నాలుగున్నర. గీజరైతే నెలకు 135 యూనిట్లు, హీట్ పంపైతే 45.

ఇక్కడే కర్ణాటకలో గృహజ్యోతి లెక్క అడ్డం వస్తుంది. 2023 ఆగస్టులో మొదలైన ఈ పథకం కింద 2022-23లో నెలకు సగటున ఎంత వాడామో దానికి నూటికి పది కలిపి, అంతవరకు ఉచితం. అది దాటితే దాటినంతకు కట్టాలి. 200 యూనిట్లు దాటితే మాత్రం మొత్తం బిల్లు మనదే. మా ఇంటి సగటు 70, ఉచితం 77. గీజరు పెడితే 205 యూనిట్లు. అయిదు యూనిట్ల కోసం మొత్తానికీ కట్టాలన్నమాట! యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 1,230. హీట్ పంపైతే 115 యూనిట్లు, 77 పోగా 38కి 228 రూపాయలు. (స్థిర ఛార్జీలు, పన్నులు కలపలేదు.)

నెలకు వెయ్యి మిగులు అంటే బాగానే ఉంది. కానీ మా ఊళ్ళో వేన్నీళ్ళు కావలసింది నాలుగు నెలలే. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్ళే పొగలు కక్కుతాయి. కాబట్టి ఏడాదికి మిగులు నాలుగు వేలు. లక్షా పద్దెనిమిది వేలు ఏడు శాతం డిపాజిట్‌లో వేస్తే వచ్చే వడ్డీ ఏడాదికి 8,260.

అన్నీ ఒక కాగితం మీద పదేళ్ళకు లెక్క కట్టాను. పెట్టుబడి, పదేళ్ళ కరెంటు కలిపి గీజరుకు 61,200. హీట్ పంపుకు 1,27,120. మిద్దె మీద సోలార్ వాటర్ హీటరుకు పైపులతో సహా 42,000, మబ్బు పట్టిన రోజుల కరెంటుకు పదేళ్ళకు అయిదు వేలు, మొత్తం 47,000. నాలుగో వరుసలో కట్టెల పొయ్యి, దాని ఎదురుగా సున్నా. పొలంలో కట్టె, ఇంట్లో అండా, ఖర్చెక్కడిది? ఉన్న పొయ్యే మేలు అని కింద గీత గీసి, ఆ ఆదివారం ఊరికి తీసుకెళ్ళి అందరికీ చదివి వినిపించాను.

అమ్మ "నాకెందుకురా అబ్బీ ఇవన్నీ, ఇన్నాళ్ళు కాగలేదా" అంది. తమ్ముడు తలూపాడు. మరదలు మాత్రం కాగితం తీసుకుని చూసి, "కట్టెకు సున్నా వేసినారే బావా! తెచ్చేదెవరు, కొట్టేదెవరు? నాలుగున్నరకు లేసి ఊదేదెవరు?" అంది. కోపంగా అనలేదు. అని, దగ్గుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ దగ్గు నేను ప్రతి చలికాలం వింటున్నదే. ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక రైతు అప్పు దరఖాస్తులో ఇంటిమనుషుల చాకిరీకి సున్నా వేస్తే, ఇంటి కూలి కూడా కూలేనని దిద్దించేవాణ్ణి నేనే. మరుసటి రోజు నాలుగో వరుస కొట్టేసి మళ్ళీ రాశాను. కట్టె తేవడం, కొట్టడం, పొయ్యి చూసుకోవడం కలిపి రోజుకు రెండు గంటలు. నాలుగు నెలలకు 240 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు ముప్ఫై. ఆడకూలి రోజుకు 300 వేసుకున్నా ఏడాదికి 9,000, పదేళ్ళకు 90,000. ఊరికే వస్తున్నదనుకున్న నీళ్ళు గీజరు నీళ్ళకన్నా ప్రియం! అందులో పొగ లెక్క లేదు. ఇంట్లో పొయ్యిల పొగవల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ ఖర్చుకు రూపాయలు కట్టడం నాకు చేతకాదు.

కొత్త లెక్కలో కూడా హీట్ పంపే అన్నిటికన్నా ఖరీదు. సోలారే చవక. అబ్బాయికి అదే చెప్పాను. "నీ మనసు మంచిదే అబ్బీ, యంత్రమూ మంచిదే. కానీ మన ఊరి ఎండ ముందు అది దండగ." వాడు కాసేపు వాదించి ఒప్పుకున్నాడు, కానీ డబ్బు తగ్గించనన్నాడు. 42,000తో సోలార్ పెట్టించాం. ఇంకో పదకొండు వేలతో బచ్చలి బండలు తీయించి జారని టైల్సు వేయించి, గోడకు పట్టుకునే కడ్డీలు బిగించాం. ముసలివాళ్ళకు చన్నీళ్ళకన్నా జారే బండతోనే ఎక్కువ భయం. మిగిలింది అమ్మ పేర డిపాజిట్ వేశాను.

హీట్ పంపు దండగ అని అందరికీ చెప్పడం లేదు. ఏడాది పొడుగునా రోజుకు 2,000 లీటర్లు కాచే హాస్టలుకు ఇదే లెక్కన రోజుకు 30 యూనిట్లు, ఏడాదికి 10,950 యూనిట్లు మిగులుతాయి. సోలారుకు మిద్దె లేని పెద్ద అపార్టుమెంట్లు కూడా ఆలోచించవచ్చు.

విదేశాల్లో ఉన్నవారు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది సాయం. అమెరికాలో హీట్ పంపు ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్ల వరకు ఉన్న కేంద్ర పన్ను మినహాయింపు 2025 డిసెంబరు 31తో ముగిసింది. పాత ప్రకటనలు చూసి మోసపోకండి. రెండోది ఇప్పుడు మీరు దేన్ని మండిస్తున్నారన్నది. బ్రిటన్‌లో 2025లో గ్యాసు యూనిట్ సుమారు 6 పెన్నీలు, కరెంటు 25. బాయిలరు వృథా పోగా గ్యాసు వేడి 6.7 పెన్నీలకు పడితే, మూడింతలిచ్చే హీట్ పంపు వేడి 8.3కు పడుతుంది. గ్యాసు ఉన్న ఇంట్లో బిల్లు తగ్గుతుందని ఎవరైనా చెబితే ఈ భాగహారం చేయించండి. కరెంటు హీటర్లతో వెచ్చబెట్టుకునే ఇంట్లో మాత్రం తప్పకుండా తగ్గుతుంది.

సంక్రాంతికి ఊరికి వెళితే అమ్మ అప్పటికే స్నానం చేసి కూర్చుంది. మరదలు ఆరింటికి లేచింది. అండాను తోమి మూలన పెట్టారు, అమ్మ అమ్మనివ్వలేదు. సోలారు నీళ్ళకు పొగవాసన లేదని ఆమె ఫిర్యాదు.

మీ ఇంటి లెక్కల్లో ఏ వరుసకు ఎదురుగానైనా సున్నా ఉంటే, ఆ పని ఎవరు చేస్తున్నారో ఒకసారి చూడండి. చూసి నాకు రాయండి. వచ్చే సంచికలో ఆరోగ్య బీమా గురించి.