చోటు చూపితే ఇల్లు వాళ్లే కట్టుకుంటారు

అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో తెలంగాణ ప్రభుత్వం అవకాశమిస్తే దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఎల్ఆర్ఎస్ అనే ఆ పథకం మాట వచ్చినప్పుడల్లా అక్రమాల గురించి, ఖజానాకు వచ్చే ఫీజుల గురించి మాట్లాడుకుంటాం. నాకు మాత్రం ఆ సంఖ్యలో ఇంకో సంగతి కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టినవాళ్లంతా పేదలు కారు, రేపు ధర పెరుగుతుందని కొన్నవాళ్లూ ఉన్నారు. కానీ చిట్టీ పాడి, నగలు తాకట్టు పెట్టి, రోడ్డు లేదని డ్రైనేజీ రాదని తెలిసి కూడా వంద గజాల ముక్క కొన్నవాళ్లు తక్కువేమీ కాదు. అనుమతి ఉన్న చోట అంత చిన్న ప్లాటు వాళ్లకు అందే ధరలో దొరకలేదు. ఇళ్ల కొరత అంటున్నాం గానీ, మన పట్టణాల్లో మొదటి కొరత నీళ్లూ దారీ ఉన్న చిన్న జాగాది. ఆ జాగా చూపించాల్సింది మున్సిపాలిటీయే.

హైదరాబాద్‌లోని రెండు కాలనీలు చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. బస్తీలో ఒక్క గదిలో ఆరుగురు సర్దుకున్న కుటుంబానికి అది పెద్ద ఇల్లే. కానీ సికింద్రాబాద్‌లో నాలుగిళ్లలో గిన్నెలు తోమే మనిషి పొద్దున ఆరింటికి మొదటి ఇంటి గడప తొక్కాలంటే కొల్లూరులో ఎన్నింటికి లేవాలి? అద్దె మిగిలిందనుకున్న డబ్బు బస్సులకు, ఆటోలకు పోతుంది. అంతకు దాదాపు ఎనిమిదేళ్ల ముందు, 2015 నవంబరులో, బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో పాడుబడ్డ పాత ఇళ్లు తీసేసిన చోటే 396 ఇళ్లు కట్టి ఇచ్చారు. పని, పిల్లల బడి, కిరాణా కొట్టు ఖాతా అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. రెండుచోట్లా అదే డబుల్ బెడ్‌రూమ్ పథకం. తేడా అంతా స్థలంలో ఉంది.

అసలు పేదలకు ఉన్నచోటే జాగా చూపే పని మన మున్సిపాలిటీలకు కొత్తేమీ కాదు. 1967లోనే హైదరాబాద్ కార్పొరేషన్ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పేరుతో బస్తీల్లోకి వెళ్లింది. తర్వాతి ఏళ్లలో ఉన్నచోటే పట్టాలిప్పించి, బ్యాంకు రుణాలు అందేలా చూసి, కట్టుకునే పని ఆ కుటుంబాలకే వదిలింది. 1980ల్లో బ్రిటన్ సాయంతో బస్తీలకు రోడ్లు, కుళాయిలు, మురుగు కాల్వలు వచ్చాయి. విశాఖపట్నం, విజయవాడలకూ ఆ దారి చేరింది. అలాంటి బస్తీలో ఏ ఇల్లు చూసినా కథ దాదాపు ఒకటే. మొదట రేకుల గది. కొన్నేళ్లకు స్లాబ్, స్లాబ్ మీద రేపటి కోసం వదిలిన ఇనుప చువ్వలు. ఆ తర్వాత బయటి నుంచే సన్నటి మెట్లు, పైన ఒక పోర్షన్, గేటుకు టు-లెట్ అట్టముక్క. ఊరికి కొత్తగా వచ్చిన డెలివరీ కుర్రాడికి, నర్సింగ్ చదివే అమ్మాయికి అద్దెకు దొరికేది ఆ పోర్షనే. ఏ ప్రభుత్వ పథకం లెక్కల్లోనూ అది ఉండదు.

కాబట్టి మున్సిపాలిటీ చేయగల మొదటి పని ఈ కట్టుకునేవాళ్లకు అడ్డు తొలగించడం. తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం అందులో మంచి అడుగు. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చాలు. అయితే అనుమతి సులువైనంత మాత్రాన నల్లా రాదు. ఆ పోర్షన్లు పెరిగిన వీధిలో పాత పైపులు, మ్యాన్‌హోళ్లు అంతమందికి సరిపోవు. పైకి లేస్తున్న వీధులను గుర్తించి ముందే పైపు మార్చడం ఎవరూ శిలాఫలకం వేయించుకోని పని. అందుకే వెనకబడిపోతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లు ఇదే సంగతి ఇంకా కఠినంగా చెప్పాయి. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. చాలా ఊళ్లలో గోడలు లేచాక కూడా తాగునీరు, మురుగునీటి ఏర్పాటు, రోడ్లు పూర్తికాక ఏళ్ల తరబడి తాళాలు చేతికి రాలేదు. ఉంటున్న ఇంటి అద్దె కడుతూనే, ఇంకా అడుగుపెట్టని ఇంటి మీద బ్యాంకు అప్పు మోసిన కుటుంబాల ఉసురు ఎవరికి తగలాలి? కాంక్రీటుకు ముందు పైపులకు డబ్బు కేటాయించి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు.

ఇక స్థలం. తెలంగాణలో ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇస్తుంది. పల్లెలో అది అక్కరకొచ్చే సాయం. నగరంలో అద్దెకుండేవాడికి ఆ జాగాయే లేదు. గుజరాత్‌లో 1976 చట్టం కింద పట్టణ అంచుల్లోని పొలాలను కలిపి, రోడ్లు గీసి, యజమానుల వాటా వాళ్లకు తిరిగిచ్చి, 10 శాతం దాకా బలహీనవర్గాల ఇళ్లకు కేటాయిస్తారు. అహ్మదాబాద్ అలా పెరిగిన నగరమే. అమరావతి కోసం చేసిన 2014 రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం కూడా సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్లకు ఉంచాలంది. ఆ వాటా ఎవరికి అన్నది కోర్టుల దాకా వెళ్లింది. అయినా సూత్రం సరైనదే. ఊరు పెరిగేటప్పుడే పేదల జాగా పక్కన పెట్టుకోవాలి. గజం ధర లక్ష దాటాక కొనడం ఏ మున్సిపాలిటీ తరమూ కాదు.

మున్సిపాలిటీలు ఈ పని తలకెత్తుకోకపోవడం వెనక రాజ్యాంగంలోనే ఒక వెలితి ఉంది. పంచాయతీల కోసం రాసిన పదకొండో షెడ్యూలులో గ్రామీణ గృహనిర్మాణం ఉంది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు 18 విషయాలు రాశారు గానీ, గృహనిర్మాణం అన్న మాటే లేదు. పట్టణ ప్రణాళిక, భూ వినియోగం, మురికివాడల అభివృద్ధి ఉన్నాయి. ఉన్న ఆ ప్రణాళికాధికారం కూడా పెద్ద నగరాల్లో హెచ్ఎండీఏ (హైదరాబాద్), వీఎంఆర్‌డీఏ (విశాఖ) లాంటి అభివృద్ధి సంస్థల దగ్గరే ఉండిపోయింది. మాస్టర్‌ప్లాన్‌లో తన వార్డులో ఏ సర్వే నంబరు ఏ జోన్‌లోకి పోతుందో కౌన్సిలర్‌కు తెలిసేసరికి రియల్టర్ అడ్వాన్సులు ఇచ్చేసి ఉంటాడు.

అధికారం అంతా బదిలీ అయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు. ప్రతి మున్సిపాలిటీ తన హద్దులో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలాల జాబితా తీసి, వార్డులవారీగా గోడ మీద అంటించవచ్చు. ఖాళీ స్థలాల పన్ను చట్టంలో ఉంది, దాన్ని గట్టిగా వసూలు చేసి ఆ డబ్బును బస్తీ పైపులకే విడిగా ఉంచుతామని కౌన్సిల్ తీర్మానించవచ్చు. ప్రభుత్వ స్థలాల జాబితాలో బస్టాండుకు, పెద్దాసుపత్రికి, కూలీల అడ్డాకు నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఎకరాలకు పేదల ఇళ్లకని మొదట ఎర్ర గీత గీయాలి, వేలం ప్రకటన వెలువడక ముందే.