పొరుగువీధి ఊరేగింపు

సంప్రదాయమనే మాటకు మానవసమాజంలో ఉన్న గౌరవం సామాన్యమైనది కాదు. తాతలు నడచిన బాట అనగానే ఎంతటి వాదమైనా ఒక్క క్షణం ఆగి తల వంచుతుంది. ఆ గౌరవాన్ని ఆసరా చేసికొని, పొరుగువానిని కించపరచే పనికి కూడ సంప్రదాయమనే పేరు పెట్టి చెలామణి చేసేవారు ప్రతి దేశంలోను ఉన్నారు. ఉత్తర ఐర్లండు చరిత్ర ఇందుకు తిరుగులేని నిదర్శనం. ఒకే క్రీస్తును కొలిచి, ఒకే సువార్తను చదివే రెండు సమాజాలు, ప్రొటెస్టెంట్లు, కాథలిక్కులు, అక్కడ నాలుగు శతాబ్దాలుగా ఇరుగుపొరుగున బ్రతుకుతున్నవి. ఎవరి వీధిలో ఎవరు భేరి మ్రోగిస్తూ నడవాలనే ప్రశ్నపై ఆ రెండు సమాజాలు రక్తం చిందించినవి.

ప్రతి సంవత్సరం జూలై 11వ తేదీ రాత్రి ప్రొటెస్టెంటు వాడలలో కట్టెలు గుట్టలుగా పేర్చి, భోగిమంటలవలె మంటలు వేస్తారు. మరునాడు ఆరెంజి సంఘంవారు నారింజరంగు పట్టీలు మెడలో ధరించి, పిల్లనగ్రోవులతో, భేరులతో ఊళ్ళగుండా నడుస్తారు. 1690లో బాయిన్ నదీతీరాన ప్రొటెస్టెంటు రాజైన మూడవ విలియం, కాథలిక్కు రాజైన రెండవ జేమ్సును ఓడించిన విజయానికి ఇది ఉత్సవం. ఈ ఊరేగింపులలో చాలా భాగం ఏ గొడవా లేకుండ ముగుస్తవి. పిల్లలు, ముసలివారు దారిప్రక్కన నిలిచి చూస్తారు. పల్లెవారికి అది ఏటికొక పండుగ. దానితో ఎవరికీ తగవు లేదు. తగవంతా కాథలిక్కుల వాడలోనుంచే నడచి తీరాలనే పట్టుదలతో వచ్చినది.

ఆ పట్టుదలను సమర్థించేవారు మూడు మాటలు చెబుతారు. ఇది మతమంటారు, ఇది ప్రాచీనమంటారు, ఇది తమ హక్కంటారు. మూడింటిని వరుసగా పరీక్షించి చూడవలసి ఉన్నది.

మతమనే మాట మొదటిది. బాయిన్ యుద్ధం ప్రొటెస్టెంటు ధర్మానికీ, కాథలిక్కు ధర్మానికీ జరిగిన పోరాటమని పిల్లలకు నేర్పుతారు. ఆనాటి ఐరోపా రాజకీయం వేరొక కథ చెబుతుంది. విలియం పోరాడినది ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ ప్రాబల్యాన్ని అడ్డగించటానికి. ఆ పోరులో విలియంకు మిత్రులైనవారిలో ఆస్ట్రియా చక్రవర్తి ఉన్నాడు, స్పెయిన్ రాజు ఉన్నాడు. ఇద్దరూ కాథలిక్కులే. చివరకు ఉత్సవం జరిపే తేదీ కూడ యుద్ధపు తేదీ కాదు. నాటి పంచాంగం ప్రకారం యుద్ధం జూలై 1న జరిగినది. సవరించిన పంచాంగం ప్రకారం అది జూలై 11 అవుతుంది. జూలై 12, మరుసటి యేడు 1691లో ఆఘ్రిం వద్ద జరిగిన మరొక యుద్ధానికి పాతలెక్కలో తేదీ. ఇంతమాత్రాన ఉత్సవం జరుపుకోరాదని ఎవరూ అనరు. కాని అక్షరం తప్పరాని శాసనమని దాన్ని పొరుగువాని మీద మోపేవారు, దాని అక్షరాలు ఎవరెవరు దిద్దినవో తెలిసికొనటం మంచిది.

అసలు తగవు వేదాంతంలో పుట్టినది కాదు, మట్టిలో పుట్టినది. 1609 నుండి అల్‌స్టర్ ప్రాంతంలో ఐరిష్ కాథలిక్కుల భూములు గుంజుకొని, ఇంగ్లండు, స్కాట్లండులనుండి వచ్చిన ప్రొటెస్టెంట్లకు పంచిపెట్టారు. బాయిన్ తరువాత వచ్చిన శాసనాలు కాథలిక్కులకు భూమి కొనే హక్కును, పదవిని, శాసనసభ ప్రవేశాన్ని తీసివేసినవి. ఆ శాసనాలను వ్రాసిన ఆంగ్లికన్ ప్రభువులు తమ తోడి ప్రొటెస్టెంట్లనైనా సమానంగా చూడలేదు. 1704 నాటి చట్టంతో ప్రెస్బిటేరియన్లను కూడ ప్రభుత్వపదవులకు దూరం చేశారు. ప్రభువుకు కావలసినది తన మతస్థుడు కాదు, తన జమీకి కాపలాదారు. ఈ సంగతి గ్రహించిన నాడు అక్కడి పేద ప్రొటెస్టెంటు, పేద కాథలిక్కు ఒకే పక్షాన నిలిచారు. మరచిన నాడు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు.

ప్రాచీనత రెండవ మాట. ఆరెంజి సంఘం 1795లో, ఆర్మా జిల్లాలో రైతుల మధ్య జరిగిన ఒక కొట్లాట తరువాత పుట్టినది. దానికంటె పాతది మరొక ఊరేగింపు ఉన్నది. 1784 మే నెలలో బెల్‌ఫాస్టు నగరంలో కాథలిక్కుల తొలి దేవాలయం సెయింట్ మేరీ తెరిచారు. ఆనాడు ఆ ఊరిలో కాథలిక్కులు కొద్దిమంది, పేదలు. వారి గుడికి ప్రొటెస్టెంట్లు చందాలిచ్చారు. ప్రారంభోత్సవం నాడు, ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లతో కూడిన స్వచ్ఛందసేన పూర్తి వేషధారణతో నడచివచ్చి, గుడి వాకిట బారులు తీరి గౌరవవందనం చేసినది. అదీ ఊరేగింపే. అదీ ప్రొటెస్టెంట్లు కాథలిక్కుల వీధికి నడచివచ్చిన సందర్భమే. ఏడేళ్ళకు, 1791లో, అదే నగరంలో ఐక్య ఐరిష్ సమాజం స్థాపితమైనది. స్థాపకులు అధికభాగం ప్రెస్బిటేరియన్లు. వారు కోరినది కాథలిక్కులతో సహా అందరికీ సమానహక్కు. ఆ సమాజంవాడైన హెన్రీ జాయ్ మెక్రాకెన్ అనే ప్రెస్బిటేరియనును 1798లో బెల్‌ఫాస్టు నడిబజారులో ఉరితీశారు. ప్రాచీనతే ప్రమాణమైతే 1784 నాటి నడక 1795 నాటి నడకకు అన్నగారు. పదకొండేళ్ళు పెద్దదైన ఆ సంప్రదాయాన్ని మూలకు నెట్టి, చిన్నదానిని సింహాసనం ఎక్కించినది కాలం కాదు, ఎన్నుకొన్న మనుష్యులు. సంప్రదాయాన్ని ఎన్నుకొనటానికి శక్తి ఉన్నవారు మార్చుకొనటానికి శక్తి లేదనటం చెల్లదు.

మూడవది హక్కు. రాజమార్గం అందరిది, దానిపై నడవటానికి ఒకరి అనుమతి ఎందుకని అడుగుతారు. వినటానికి న్యాయంగానే ఉన్నది. డాలీస్ బ్రే కథ విన్న తరువాత ఆ న్యాయం ఎంతదూరం నిలుస్తుందో తేలుతుంది. డౌన్ జిల్లాలోని ఆ ఇరుకు కొండదారి కాథలిక్కుల నివాసం. దానిని తప్పించుకొని పోయే క్రొత్త రోడ్డు ఒకటి ఉన్నది. 1848లో ఆరెంజివారు ఆ క్రొత్త రోడ్డునే పోయారు. పిరికివారని ఎగతాళి చేస్తూ పాటలు పుట్టినవి. ఆ పాటల పౌరుషంతో 1849 జూలై 12న ఆయుధాలు ధరించి పాతదారినే నడిచారు. తిరుగుప్రయాణంలో ఘర్షణ జరిగి, పలువురు కాథలిక్కులు ప్రాణాలు కోల్పోయారు, ఇండ్లు తగులబడినవి. నడవటానికి దారి లేక కాదు. వేరుదారి ఉన్నా నడిచారు. చూచేవాడు నొచ్చుకోకపోతే ఆ నడకకు రుచి లేదు. హక్కనే పేరుతో ఇక్కడ సాగినది పైచేయి ప్రదర్శన తప్ప మరొకటి కాదు.

1850లో అటువంటి ఊరేగింపులను నిషేధిస్తూ చట్టం వచ్చినది. 1867లో విలియం జాన్స్టన్ అనే భూస్వామి చట్టాన్ని ధిక్కరించి ఊరేగింపు నడిపాడు, 1868లో జైలుకు పోయాడు, అదే యేట బెల్‌ఫాస్టు ఓటర్లు అతనిని పార్లమెంటుకు పంపారు. 1872లో చట్టం రద్దయినది. పొరుగువీధిలో భేరి మ్రోగిస్తే పదవి వస్తుందని నాయకులు నేర్చుకొన్న పాఠం అది. నాటినుండి ఆ పాఠం మరచినవారు అరుదు. 1969 ఆగస్టు 12న డెర్రీ నగరంలో ఇటువంటిదే మరొక సాంప్రదాయిక ఊరేగింపు సందర్భంగా కాథలిక్కుల బాగ్‌సైడు వాడ పోరాటరంగమైనది. రెండునాళ్ళకు బ్రిటిషు సైన్యం వీధులలో దిగినది. ఆ సైనికచర్య 2007 జూలై వరకు, అంటే 38 సంవత్సరాలు, ముగియలేదు. పోర్టడౌన్ పట్టణంలోని డ్రంక్రీ చర్చినుండి గార్వాగీ రోడ్డుగుండా తిరిగివచ్చే హక్కుకోసం 1995 నుండి 1998 వరకు ప్రతి జూలై నెలలో దేశమంతా అట్టుడికినది. 1998 జూలై 12 తెల్లవారుజామున, ఆ ఉద్రేకం మధ్య, బాలిమనీ అనే ఊరిలో ఒక ఇంటిపై పెట్రోలు బాంబు వేశారు. ముగ్గురు చిన్న అన్నదమ్ములు కాలి మరణించారు. వారి తల్లి కాథలిక్కు. పిల్లలు ప్రొటెస్టెంట్లుగా పెరుగుతున్నారు. ఆ ముగ్గురి ప్రాణాలకు సరితూగే దారి ఏదైనా ఉన్నదా?

అయితే దోషమంతా ఒక పక్షానికే అంటగట్టి చేతులు దులుపుకొనటం న్యాయం కాదు. ప్రొటెస్టెంట్ల భయం కల్పితమైనది కాదు. ఐర్లండు ద్వీపమంతటినీ లెక్కిస్తే వారు అల్పసంఖ్యాకులు. కాథలిక్కు పీఠం తన అధికారాన్ని వారి ఇంటిలోకి పంపిన సందర్భాలున్నవి. 1908లో అమలైన నే తెమెరె శాసనం ప్రకారం కాథలిక్కు పురోహితుని ఎదుట జరగని మిశ్రమవివాహం చర్చి దృష్టిలో చెల్లదు. పిల్లలను కాథలిక్కులుగా పెంచుతామని ప్రమాణం చేయవలసి ఉండేది. 1957లో వెక్స్‌ఫర్డ్ జిల్లా ఫెథర్డ్ గ్రామంలో ఒక ప్రొటెస్టెంటు తల్లి తన బిడ్డలను కాథలిక్కు బడికి పంపటానికి ఒప్పుకొనక వారితో ఇల్లు విడిచిపోతే, ఊరిలోని కాథలిక్కులు ప్రొటెస్టెంట్ల దుకాణాలను వెలివేశారు. ప్రధాని డి వలేరా స్వయంగా కాథలిక్కు అయినా, ఆ వెలిని శాసనసభలో ఖండించాడు. భేరి మ్రోగకపోయినంత మాత్రాన వెలి తక్కువ క్రూరమైనది కాదు.

ఇరుపక్షాల మతపెద్దలు మనసారా ఏకీభవించిన విషయం ఒకటి ఉన్నది: పిల్లలను కలవనీయరాదని. 1923లో ఉత్తర ఐర్లండు తొలి విద్యామంత్రి లార్డ్ లండన్‌డెరీ, అన్ని శాఖల పిల్లలు కలిసి చదివే బడులకోసం చట్టం తెచ్చాడు. కాథలిక్కు బిషప్పులు వద్దన్నారు; ప్రొటెస్టెంటు పురోహితులూ, ఆరెంజి సంఘమూ వద్దన్నారు. కొద్దియేండ్లలోనే చట్టం నీరుగారినది. వందేండ్లు గడచినా నేటికీ మిశ్రమపాఠశాలలలో చదివే పిల్లలు పదింట ఒకవంతు లేరు. 1981లో లాగన్ కాలేజి అనే తొలి మిశ్రమపాఠశాలను ఇరవైఎనిమిదిమంది విద్యార్థులతో ప్రారంభించినవారు పురోహితులు కారు, మంత్రులు కారు, తల్లిదండ్రులు.

విడివిడిగా పెరిగినా మానవత్వం పూర్తిగా చావలేదనటానికి ఒక్క సంఘటన చాలు. 1976 జనవరి 5 సాయంకాలం ఆర్మా జిల్లా కింగ్స్‌మిల్ వద్ద, నేతమిల్లునుండి ఇంటికి పోతున్న కార్మికుల బండిని ముసుగులు ధరించిన సాయుధులు ఆపారు. ముందురోజే ఆ ప్రాంతంలో రెండు కాథలిక్కు కుటుంబాలపై కాల్పులు జరిగి ఉన్నవి. మీలో కాథలిక్కు ఎవడని సాయుధులు అడిగారు. ఉన్నది ఒక్కడే. వచ్చినవారు వానిని చంపటానికే వచ్చారని ప్రక్కనున్న ప్రొటెస్టెంట్లు భావించి, వానిని బయటపడనీయకుండ దాచజూచారు. కాని వచ్చినవారు కాథలిక్కులు. ఆ ఒక్కనిని వదలి, పదిమంది ప్రొటెస్టెంట్లను కాల్చి చంపారు. కవి షేమస్ హీనీ 1995లో నోబెల్ బహుమతి స్వీకరిస్తూ ఈ ఘట్టాన్ని స్మరించాడు. కదలవద్దని ప్రక్కవాని చేయి నొక్కిన ఆ చేతిలోనే రాబోయే ఐర్లండును చూచాడు. హీనీ కాథలిక్కు కుటుంబంలో పుట్టినవాడు; కథలోని హంతకులు తనవారనిపించుకొనేవారు. ఆ సంగతిని దాచక చెప్పినందువలననే ఆయన మాటకు విలువ వచ్చినది. తనవారి తప్పును తన నోట చెప్పగల రచయిత లేని సమాజానికి ఎన్ని ఒప్పందాలు వ్రాసినా కాగితాలే మిగులుతవి.

1998 ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరినది. అప్పటికి మూడుదశాబ్దాలలో సుమారు 3,500 మంది మరణించారు. ఊరేగింపుల దారులను నిర్ణయించటానికి ఒక కమిషన్ ఏర్పడినది. గార్వాగీ రోడ్డు ఊరేగింపు 1997 తరువాత జరగలేదు. దానివలన ఆరెంజి సంఘం నశించలేదు, ప్రొటెస్టెంటు విశ్వాసం సన్నగిల్లలేదు. ఆ ఒక్క వీధి లేకపోతే తమ ధర్మమే లేదన్న వాదం అబద్ధమని ఇరవైయేండ్లకు పైబడిన అనుభవం నిరూపించినది. కాని 1969లో తాత్కాలికమని లేపిన గోడలు నేటికీ బెల్‌ఫాస్టు వాడల మధ్య నిలిచి ఉన్నవి. 2023 నాటికి అన్నింటినీ తొలగిస్తామని ప్రభుత్వం 2013లో మాట ఇచ్చినది. గడువు దాటినది, గోడలు దాటలేదు. 2021 జనాభా లెక్కలలో కాథలిక్కు నేపథ్యం గలవారు నూటికి 45.7, ప్రొటెస్టెంటు తదితర క్రైస్తవ నేపథ్యం గలవారు 43.5 అని తేలినది. సంఖ్యాబలాన్ని హక్కుగా వాడుకొన్నవారికి ఇంతకంటె పెద్ద హెచ్చరిక లేదు. నిన్న అల్పసంఖ్యాకునికి నేర్పిన పాఠాన్ని రేపు అతడు తిరిగి అప్పజెప్పగలడు.

భారతీయ పాఠకునికి ఈ కథ పరాయిది కాదు. 1707లో చెన్నపట్నంలో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు పెండ్లి ఊరేగింపు ఎవరి వీధిగుండా పోవాలన్న తగవుతో ఊరిని రెండుగా చీల్చితే, గవర్నరు థామస్ పిట్ వీధులను పంచిపెట్టవలసివచ్చినది. మసీదు ముందు మేళం మ్రోగించటంపై ఇరవయ్యవ శతాబ్దంలో ఎన్ని ఊళ్ళు మండినవో చెప్పనక్కరలేదు. దేవుని పేరు మారుతుంది, వాద్యం మారుతుంది. వేరుదారి ఉన్నా ఈ దారినే పోతామన్న పట్టుదల మాత్రం మారదు.

కాబట్టి సంప్రదాయానికి పరీక్ష ఒక్కటే. పొరుగువాడు చూడకపోయినా, నొచ్చుకోకపోయినా అది నిలుస్తుందా? నిలిస్తే అది సంప్రదాయం, దానిని కాపాడవలసినదే. పొరుగువాని అవమానం లేకుండ నిలవలేనిది ఏనాడూ ధర్మం కాలేదు. 1784లో బెల్‌ఫాస్టు ప్రొటెస్టెంట్లు తమ విశ్వాసంలో అణువంత కూడ వదలుకొనకుండ, కాథలిక్కుల గుడివాకిటికి నడచి వచ్చారు. వారు వచ్చినది పొరుగువారి పండుగకు.